తలల లెక్క కాదు, గంటల లెక్క

అందరికీ నమస్కారం. నర్సుల పనిభారం గురించి మాట్లాడమని నన్ను పిలిచారు. పంతొమ్మిదేళ్లుగా ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో పనిచేస్తున్నాను కాబట్టి, పనిభారం అంటే ఏమిటో ఒక్క బీపీతో మొదలుపెట్టి చెబుతాను.

బీపీ సరిగ్గా చూడాలంటే మనిషి ముందు ఐదు నిమిషాలు ప్రశాంతంగా కూర్చోవాలి. వీపు కుర్చీకి, పాదాలు నేలకు ఆనాలి. కాలు మీద కాలు వేసుకోకూడదు. చేయి గుండె ఎత్తులో బల్ల మీద ఉండాలి. పట్టీని చొక్కా మీద కాదు, ఒంటి మీదే చుట్టాలి. చూసేటప్పుడు వాళ్లు మాట్లాడకూడదు, మనం మాట్లాడించకూడదు. ఒక రీడింగ్ తీసి, నిమిషం ఆగి, రెండోది తీయాలి. అంతా కలిపి ఎనిమిది నిమిషాలు. బయట నలభై మంది ఉంటే 320 నిమిషాలు, అంటే ఐదు గంటల ఇరవై నిమిషాలు. ఇంకా షుగర్ చూడలేదు, డ్రెస్సింగ్ చేయలేదు, ఏ గర్భిణితోనూ మాట్లాడలేదు.

ఆ ఐదు నిమిషాలు వరండాలోనే కూర్చోబెట్టవచ్చు కదా అని మీకు అనిపించవచ్చు. కుర్చీలు సరిపడా ఉంటే కొంత నిజమే. కానీ నిజంగా జరిగేది వేరు. ఎండలో నడిచొచ్చిన మనిషి అలాగే వచ్చి చెయ్యి చాపుతారు, మనం చొక్కా మీదే పట్టీ చుట్టి ఒక్క రీడింగ్ రాసేస్తాం. అది ఎక్కువ చూపిస్తుంది. దాన్ని చూసి మందు డోసు పెంచుతారు. మనం మిగుల్చుకున్న ఆరు నిమిషాల బాకీ ఆ మనిషి ఒంటి మీద పడుతుంది. పనిభారం అనగానే నర్సు అలసట గుర్తొస్తుంది. నాకు మాత్రం ముందు ఆ డోసే గుర్తొస్తుంది.

ఈ బరువు మన తరంలో మొదలైంది కాదు. 1859లో ఇంగ్లండులోని లివర్‌పూల్‌లో విలియం రాత్‌బోన్ అనే వ్యాపారి, తన భార్య చివరి రోజుల్లో సేవ చేసిన మేరీ రాబిన్సన్ అనే నర్సును పేదల ఇళ్లకు వెళ్లి చూడమని మూడు నెలల కోసం నియమించాడు. ఇంటింటికీ తిరిగే నర్సింగ్‌కు అది తొలి అడుగుల్లో ఒకటి. నెల తిరిగేసరికి ఆమె కన్నీళ్లతో వచ్చి, ఆ ఇళ్లలో కష్టం చూడలేకపోతున్నాను, నన్ను వదిలేయండి అంది. ఆయన నచ్చజెప్పి ఉంచాడు. ఆమె మూడు నెలలూ పూర్తి చేసింది. ఆమెను ఏడిపించింది కట్టు కట్టడం కాదు, కట్టు కడుతూ ఆ ఇంట్లో చూసినవి. ఇళ్లకు వెళ్లే నర్సులకు ఇది కొత్తగా చెప్పక్కర్లేదు.

అయితే మన రిజిస్టర్‌లో ఏం కనబడుతుంది? తలలు. ఇవాళ నలభై, నిన్న నలభై మూడు. ఫ్రిజ్‌లో వ్యాక్సిన్లు 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉన్నాయో లేదో రెండు పూటలా చూసి రాయడం ఆ నలభైలో లేదు. మంచం మీదున్న ముసలాయన పుండుకు కట్టు కట్టడానికి వెళ్లి రావడం ఒక తల అవుతుంది గానీ, నడిచిన దారి ఏమీ అవదు. పోనీ ట్యాబ్ వచ్చాక రాత తగ్గిందా? ట్యాబ్ వచ్చింది, రిజిస్టర్ మాత్రం పోలేదు. అదే పేరు, అదే వయసు, అదే బరువు రెండుసార్లు రాస్తున్నాం.

నా జీవితంలో జరిగిన ఒక విషయం చెప్పాలి. ఒక తల్లి బిడ్డకు టీకా వేయించుకుంది. టీకా తర్వాత అరగంట ఆగాలి కాబట్టి ఆగింది. అరగంట అయ్యాక కూడా గుమ్మం దగ్గరే నిలబడింది. నేను రాసుకుంటూ, తల ఎత్తకుండానే, "ఇంకేమైనా ఉందా అమ్మా?" అన్నాను. "ఏం లేదు సిస్టర్" అని వెళ్లిపోయింది. తర్వాతి టీకాకు వచ్చినప్పుడు చెప్పింది, రొమ్ములో గడ్డ ఉందని. ఆ రోజే చెబుదామనుకుందట. "మీరు పనిలో ఉన్నారు కదా" అంది. ఎప్పుడూ నన్ను ఒక్క మాట అనలేదు. ఆమెను వెంటనే పెద్దాసుపత్రికి పంపాను, వైద్యం జరిగింది. అయినా పోయిన ఆ వారాలను నేను మర్చిపోలేను. ఆ రోజు రిజిస్టర్ తీసి చూస్తే ఏ తప్పూ లేదు. టీకా వేశాం, పేరు ఎక్కించాం, సంతకం ఉంది.

ఇలా జారిపోయే పనుల మీద పరిశోధన కూడా ఉంది. 2006లో అమెరికాలో బియాట్రిస్ కలిష్ అనే నర్సింగ్ ఆచార్యురాలు, ఆసుపత్రుల్లో నర్సులు చేయలేక వదిలేస్తున్న సేవలేమిటో వాళ్లనే అడిగి రాశారు. రోగిని నడిపించడం, పక్కకు తిప్పడం, ఇంటికెళ్లాక ఏం చేయాలో నేర్పడం, ధైర్యం చెప్పడం లాంటివి ఆ జాబితాలో ఉన్నాయి. ఆసుపత్రిలో నేర్పడం, ధైర్యం చెప్పడం మిగతా పనుల పక్కన ఉండే పనులు కావచ్చు. మన దగ్గర అసలు పనే అవి. షుగర్ ఉన్న మనిషికి రోజూ పాదాలు చూసుకోమని చెప్పకపోతే, ఇక ప్రాథమిక ఆరోగ్యం అని పేరెందుకు?

మరి లెక్క ఎలా వేయాలి? ప్రపంచ ఆరోగ్య సంస్థ దగ్గర దీనికొక పద్ధతి ఉంది. మనుషుల్ని కాక గంటల్ని లెక్కేస్తుంది. ఉదాహరణకు వారానికి ఐదు రోజుల చొప్పున ఏడాదికి 260 పనిదినాలు. సెలవులు, జబ్బు, శిక్షణ కలిపి నలభై తీసేద్దాం. మిగిలిన 220 రోజులు, రోజుకు ఎనిమిది గంటలు, 1,760 గంటలు. అందులో నాలుగో వంతు రాతలకు, మీటింగులకు, ఫ్రిజ్‌కు, నివేదికలకు పోతుందనుకుందాం. 1,320 గంటలు మిగిలాయి. ఒక్కొక్కరికి సరిగ్గా ఇరవై నిమిషాలిస్తే ఏడాదికి 3,960 మంది, రోజుకు పద్దెనిమిది మంది. వచ్చేది నలభై మంది. అంటే ఇద్దరికి పైగా నర్సులు కావాలి, ఉన్నది ఒక్కరు. ఉన్నవాళ్లను కావలసినవాళ్లతో భాగిస్తే 0.45 వస్తుంది. ఒకటి కంటే ఎంత తగ్గితే అంత ఒత్తిడి. ఇందులో ఇళ్లకు నడిచే దారి ఇంకా కలపలేదు.

ఈ లెక్క చూపిస్తే పైవాళ్లు నర్సుల కొరత ప్రపంచమంతా ఉందంటారు. ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2025 నివేదిక ప్రకారం 2023 నాటికి ప్రపంచంలో 2.98 కోట్ల నర్సులున్నారు, ఇంకా 58 లక్షల మంది కావాలి. కొరత నిజమే గానీ, ఒక పేరు రెండుసార్లు రాయించడానికి, నలభైకి రెండే కుర్చీలు వేయడానికి అది కారణం కాదు. ఒత్తిడి తగ్గించుకోమని మాకు క్లాసులు పెడుతున్నారు. వద్దనను. కానీ పని వల్ల మనిషి కుంగిపోవడాన్ని 2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుగా చూపలేదు, పనిచోటుకు సంబంధించిన విషయంగానే చూపింది. సరిచేయాల్సింది ముందు పనిచోటునే.

తోటి సిస్టర్లకు ఒక్క మాట. ఒక్క వారం పాటు ఒక కాగితం మీద నాలుగు గడులు గీసుకోండి. ఏ పని, ఎప్పుడు మొదలు, ఎప్పుడు ముగింపు. నాలుగో గడిలో, చేయాలనుకుని చేయలేకపోయినవి. నేను మొదటిసారి రాసినప్పుడు ఆ నాలుగో గడిలో పదకొండు వచ్చాయి. అందులో ఐదు "కూర్చోబెట్టి మాట్లాడాలి" అన్నవే. గడులు గీసిన కాగితాలు బయట బల్ల మీద పెట్టాను, వెళ్లేటప్పుడు తలా ఒకటి తీసుకెళ్లండి.