పటంలో ముదురు రంగు ఎవరిది?
(సాంఘిక శాస్త్ర ఉపాధ్యాయుల సమావేశంలో చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం. తెర మీదున్న ఈ ప్రపంచ పటం మీకు కొత్త కాదు. తలసరి జీడీపీ ఎక్కువున్న దేశాలకు ముదురు ఆకుపచ్చ, తక్కువున్న వాటికి లేత రంగు. పిల్లలు చూడగానే "ముదురు రంగంటే డబ్బున్న దేశం" అనేస్తారు. మనమూ సరే అంటాం. నా అభ్యంతరం అక్కడే.

జీడీపీ అంటే ఒక దేశం సరిహద్దుల లోపల ఏడాదిలో జరిగిన ఉత్పత్తి విలువ. ఈ ఏడు పంట ఎంత పండిందో చెబుతుంది కానీ, రైతుకు ఎన్ని ఎకరాలుందో, నెత్తిన అప్పెంతుందో చెప్పదు. సంపద లెక్క ఆ రెండోది. 1934లో అమెరికా సెనేట్‌కు జాతీయాదాయ లెక్కలు తయారుచేసి ఇచ్చిన సైమన్ కుజ్నెట్స్, దేశ ప్రజల బాగోగులను ఈ అంకెను బట్టి తేల్చలేమని ఆ నివేదికలోనే హెచ్చరించారు.

ఇప్పుడు ఐర్లాండ్ చూడండి. పటంలో చాలా ముదురు రంగు. 2015లో తమ జీడీపీ 26.3 శాతం పెరిగిందని ఆ దేశ గణాంక కార్యాలయం 2016 జూలైలో ప్రకటించింది. ఒక్క ఏడాదిలో అక్కడి జనం జీతాలు అంత పెరగలేదు, ఆ స్థాయిలో కొత్త ఫ్యాక్టరీలూ రాలేదు. కొన్ని బహుళజాతి కంపెనీలు పన్ను తక్కువని తమ పేటెంట్ల లాంటి మేధో ఆస్తులను అక్కడి అనుబంధ సంస్థల పేరు మీదకు మార్చాయి. వాటి మీద వచ్చే ఆదాయం ఐర్లాండ్ ఉత్పత్తిగా లెక్కకొచ్చింది. కాగితాలు చేతులు మారాయి, దేశం రంగు ముదిరింది. ఆ అంకెను నమ్ముకుంటే లాభం లేదని వాళ్లకే అర్థమై, 2017 నుంచి ఇలాంటి కంపెనీల ప్రభావాన్ని చాలావరకు తీసేసిన 'సవరించిన జాతీయాదాయం' అనే వేరే లెక్క ఇస్తున్నారు. ఇటీవలి సంవత్సరాల్లో అది జీడీపీలో 60 శాతం లోపే ఉంటోంది. మన పటం మాత్రం పాత అంకెతోనే రంగు వేస్తుంది.

నైజీరియాది ఇంకో కథ. 2014 ఏప్రిల్‌లో లెక్కల ఆధార సంవత్సరాన్ని, అంటే ఏ ఏడాది ధరలను, పరిశ్రమలను కొలతగా తీసుకుంటారో ఆ సంవత్సరాన్ని, 1990 నుంచి 2010కి మార్చారు. మొబైల్ ఫోన్లు, సినిమా పరిశ్రమ లెక్కలోకి సరిగ్గా వచ్చాయి. జీడీపీ దాదాపు 89 శాతం పెరిగి, దక్షిణాఫ్రికాను దాటేసింది. ఆ రాత్రి ఏ ఇంట్లోనూ పొయ్యి మీద అదనంగా ఏమీ ఉడకలేదు.

నన్ను ఎక్కువ బాధపెట్టేది ఖతార్. జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ వైపు పనిచేసే టీచర్లకు వేరే చెప్పక్కర్లేదు, మీ బడి పిల్లల తండ్రుల్లో కొందరు గల్ఫ్‌లోనే ఉంటారు. ఖతార్ జనాభాలో పదిమందికి దాదాపు తొమ్మిది మంది విదేశీయులే. తలసరి లెక్క కట్టేటప్పుడు గ్యాస్ మీద వచ్చే ఆదాయాన్ని లేబర్ క్యాంపులో బంకు మంచం మీద పడుకునే మన మనిషితో కూడా కలిపి భాగిస్తారు. కాగితం మీద అతను కూడా ప్రపంచంలోని అత్యంత సంపన్నుల్లో ఒకడు! అతను కట్టిన భవనం విలువ ఖతార్ జీడీపీలో చేరుతుంది. అతను ఇంటికి పంపిన డబ్బు నేరుగా మన జీడీపీలోకి రాదు. ఆ డబ్బుతో ఊళ్లో ఇల్లు కడితే, ఆ నిర్మాణం మాత్రం లెక్కకొస్తుంది. ఇక అతను లేని ఇంట్లో ముసలి అత్తమామలను, పిల్లలను, పశువులను ఒంటిచేత్తో చూసుకునే భార్య పనిలో చాలా భాగం ఏ దేశం లెక్కలోనూ ఉండదు. ఆమెకు పటంలో రంగే లేదు.

పటాలు వద్దని నేను అనను. పిల్లలకు అవి కావాలి. తరగతిలో పటం వేలాడదీసినప్పుడు దాని కింద మూడు విషయాలు వాళ్ల చేతే రాయించండి: ఏ సంవత్సరం అంకె, డాలర్లలోకి మార్చింది మార్కెట్ మారక రేటుతోనా లేక ఆ డబ్బుతో ఆ దేశంలో ఎంత సరుకు కొనొచ్చో చూసే కొనుగోలు శక్తితోనా, మొత్తం జీడీపీయా తలసరిదా. రెండోది మారిస్తే చాలు, మన దేశం స్థానమే మారిపోతుంది. తరవాత గల్ఫ్‌లో నాన్న ఉన్న పిల్లలను లేపి, మీ నాన్న సంపాదన ఈ పటంలో ఏ దేశం రంగులో కలిసిందో వేలు పెట్టి చూపించమనండి.