ప్రొద్దుటూరులో పూసలకు మజూరీ

నమస్తే అండీ, అందరూ బాగున్నారా? ఈ వీడియో కువైట్ నుంచి కాదు. ప్రొద్దుటూరులో మా అమ్మ వాళ్ళ మిద్దె మీద కూర్చుని తీస్తున్నా. కువైట్‌లో నేను వంట చేసే ఇంట్లో ఫోన్ ఎత్తి వీడియో తీస్తే ఒప్పుకోరు. వాళ్ళ ఇల్లు, వాళ్ళ ఇష్టం. అందుకే అక్కడి వీడియోల్లో నా మంచం, నా చేతులు తప్ప మీకు ఏమీ కనిపించవు. సెలవుకు వచ్చినప్పుడే కాస్త వెలుతురులో చూపించగలను. మా పిన్నమ్మ కూతుళ్ళు పూసల దండలు ఎట్ల చేస్తావో చూపించమని పట్టుబట్టినారు. ఇంకో కారణం కూడా చెప్పేస్తా, నాకు పూసల వీడియోలకే వ్యూస్ వస్తాయి. గుత్తి వంకాయ చేసి పెడితే మా ఇంటి వాళ్ళు తప్ప ఎవరూ చూడలేదు.

ఇదిగో, నా సామాను ఇంతే. ఒక స్టీలు తట్ట, దాంట్లో పాత టవల్ ముక్క. టవల్ ఉంటే పూసలు దొర్లవు, సూది మొనతో ఒక్కొక్కటి ఎత్తుకోవచ్చు. ఈ గొట్టంలో ఉన్నవి జపాన్ పూసలు, 11 నంబరు. ఈ నంబర్లు తిరకాసు. నంబరు పెరిగే కొద్దీ పూస చిన్నదవుతుంది. 8 నంబరు దాదాపు 3 మిల్లీమీటర్లు, 11 అయితే రెండుకు కాస్త పైన, 15 అయితే ఆవగింజంత. కువైట్‌లో గొట్టం ఒకటిన్నర దినారు. నేను లెక్క సులువుకు దినారుకు 280 రూపాయలు వేసుకుంటా, అంటే 420. మా వదిన వినగానే "పిడికెడు గాజు పూసలకు అంతా? మన బజార్లో ఆ దుడ్డుకు సంచెడు వస్తాయి కదమ్మే" అంది. వస్తాయి. కానీ ఆ సంచిలో ఒకటి లావు, ఒకటి సన్నం, కొన్నింటికి రంధ్రమే పూడిపోయి ఉంటుంది. ఒక్క దారం మీద గుచ్చే దండకు అవి చాలు. పట్టీ లాగా అల్లాలంటే మాత్రం అన్నీ ఒకే కొలతలో ఉండాలి, లేకుంటే పట్టీ వంకర్లు పోతుంది.

ఆ మాటకొస్తే గాజు పూసలకు జపాన్ దాకా పోనక్కర్లేదు. మనం తిరుపతికి పోతామే, అక్కడ రేణిగుంట దాటి శ్రీకాళహస్తి దారిలో పాపానాయుడుపేట ఉంది. కరిగిన గాజు ముద్దను కొలిమిలోంచి పొడుగ్గా లాగి, లోపల బోలుగా ఉండే సన్నటి గొట్టాలు చేస్తారు. వాటిని చిన్న ముక్కలుగా కోసి, బూడిదలో కలిపి మళ్ళీ వేడి చేస్తే అంచులు నున్నగా అవుతాయి. పుదుచ్చేరి దగ్గర అరికమేడు తవ్వకాల్లో దొరికిన రెండు వేల ఏళ్ళ నాటి పూసలు కూడా ఇట్లా గొట్టం లాగి చేసినవే. అప్పట్లో అవి ఓడలెక్కి దేశదేశాలకు పోయినాయి. మనమేమో పక్క జిల్లాలో ఉండి జపాన్ గొట్టం కొంటున్నాం, నాతో సహా.

సరే, ముందు ముత్యాల దండ. ఇవి మంచినీటి ముత్యాలు, చైనావి. మన పెద్దవాళ్ళు బస్రా ముత్యాలు అని చెప్పుకునేవి కువైట్, బహ్రెయిన్ వైపు సముద్రంలో దొరికినవే. ఎండాకాలమంతా పడవల్లో పోయి, ముక్కుకు క్లిప్పు పెట్టుకుని మునిగి తెచ్చేవాళ్ళు. జపాన్ వాళ్ళు ముత్యాలను పెంచడం నేర్చినాక, 1930ల్లో ఆ వ్యాపారం కూలిపోయింది. 1938లో చమురు పడింది కాబట్టి కువైట్ నిలబడింది, లేకుంటే మా కడప జిల్లా వాళ్ళం ఇంతమందిమి అక్కడ ఏం పని చేసేవాళ్ళమో.

ముత్యానికీ ముత్యానికీ మధ్య ముడి వేయాలి. దారం తెగినా అన్నీ నేల మీద పడవు, ఒక్కటే పడుతుంది. ఒకదానికొకటి రాసుకుని మెరుపు పోదు కూడా. ఇది జర్మనీ పట్టుదారం, అట్ట మీద రెండు మీటర్లు చుట్టి, కొసకు సూది అతికించే ఇస్తారు. గుచ్చే ముందు దారాన్ని బాగా సాగదీసి ఉంచండి, లేదంటే వేసుకున్న కొన్నాళ్ళకు దండ వేలాడి ముడుల మధ్య ఖాళీ వస్తుంది. ముడి వదులుగా వేసి, ఆ వలయంలో ఇంకో సూది దూర్చి, ముత్యం పక్కకు నెట్టుకుంటూ పోయి, అక్కడ సూది తీసి బిగించాలి. చేయి కుదిరేదాకా విసుగే. ఇంకో మాట, అత్తరు పూసుకోవడం అయిపోయినాకే ముత్యాలు వేసుకోండి. సెంటు తగిలితే వాటి పైపొర పాడవుతుంది. మా మేడమ్ బీరువా ముందు నిలబడి ఊదు పొగ, అత్తరు అన్నీ అయినాక చివరగా ముత్యాలు అడుగుతుంది.

నాకు ఈ పని పట్టించింది ఆ ఇంటి పెద్దాయన. అందరూ బాబా అంటారు, నేనూ అట్లే పిలుస్తా. మన ముస్లింల ఇళ్ళలో తస్బీ, అంటే జపమాల, మీరు చూసే ఉంటారు, నమాజు అయినాక తిప్పి భద్రంగా పెడతారు. కువైట్‌లో అట్లా కాదు, మగవాళ్ళ చేతిలో పొద్దస్తమానం ఆడుతూనే ఉంటుంది. కారు నడుపుతూ, టీ తాగుతూ, గొడవ పడుతూ కూడా. ఇంటి ముందు దివానియా అని మగవాళ్ళ చావడి ఉంటుంది, రాత్రిళ్ళు స్నేహితులు వచ్చి కూర్చుంటారు. మన దగ్గర ఆడవాళ్ళు పెళ్ళిలో ఒకరి మెడలో నగ ఒకరు చూసుకున్నట్టు, వాళ్ళు అక్కడ ఒకరి తస్బీ ఒకరు తీసుకుని తూకం, రంగు, చప్పుడు చూసుకుంటారు. నేను టీ కప్పులు పెట్టి వచ్చే లోపల ఎన్ని మాటలు వినిపిస్తాయో!

ఒక రాత్రి బాబా గ్లాసెడు నీళ్ళు, ఉప్పు డబ్బా తెమ్మన్నాడు. ఎవరికో కడుపు నొప్పి అనుకున్నా. చూస్తే ఉప్పు బాగా కలిపి అందులో పూస వేశారు. కహ్రమాన్, అంటే చెట్టు జిగురు వేల ఏళ్ళు కాదు, కోట్ల ఏళ్ళు గట్టిపడి అయ్యే రాయి లాంటిది, ఉప్పు నీళ్ళలో తేలుతుంది. నకిలీవి చాలావరకు మునిగిపోతాయి. అయితే మునిగిపోయే వాటిల్లో ఒక రకానికి కూడా విపరీతమైన గిరాకీ. ఫాతురాన్ అంటారు, పాత కాలంలో ఫ్యాక్టరీల్లో పోసిన బేకలైట్ లాంటి సరుకు. అట్లాంటి మాల ఒకటి బాబా 400 దినార్లకు కొన్నాడు. లక్షా పన్నెండు వేలు! మా అమ్మకు ఫోన్‌లో చెబితే "బంగారు గుండ్లేమన్నా ఉన్నాయా మధ్యలో?" అని అడిగింది. ఏమీ లేవు, 33 పూసలు, దారం, కుచ్చు.

ఆ మాల దారం తెగినప్పుడు సూక్ ముబారకియా అనే బజార్లో 3 దినార్లు ఇచ్చి గుచ్చించేవాడు. 840 రూపాయలు, ఒక్క పైసా బేరం లేదు. తర్వాత నేనే గుచ్చుతానన్నా. ఇది ముత్యాల దండకు పూర్తిగా తిరగబడిన పని. మధ్యలో ముడులు ఉండకూడదు, రెండు మూడు పూసలు పట్టేంత ఖాళీ వదలాలి, లేకుంటే వేలితో జరిపితే జరగదు. పదకొండు పూసల తర్వాత ఒక అడ్డు పూస, మళ్ళీ పదకొండు, ఇంకో అడ్డు పూస, మళ్ళీ పదకొండు, చివర పొడుగాటి పూస, దాని కింద కుచ్చు. నేను గుచ్చి ఇచ్చినప్పుడు బాబా ఆ 3 దినార్లూ నా చేతిలో పెట్టినాడు, జీతంలో కలపలేదు. ఆయన చిన్నప్పుడు కువైట్‌లో మన రూపాయలే చెల్లేవంట. 1961లో దినారు వచ్చినప్పుడు దాని విలువ 13 రూపాయల 33 పైసలు. ఇప్పుడు నా లెక్కలో 280. నవ్వాలో ఏడవాలో తెలియదు, ఈ తేడా వల్లనే కదా నేను అక్కడ ఉన్నది.

ఇప్పుడు చేతి దారం. నైలాన్ దారం మీద చదరపు ముడులు. ఒకసారి ఎడమ దారం పైకి, తర్వాత కుడి దారం పైకి. రెండుసార్లూ ఒకే వైపు వేస్తే పట్టీ మెలితిరిగి తాడులా అవుతుంది, అది కూడా బాగుంటుంది, కావాలనే వేయండి. చివర కొసలు లైటరుతో కొంచెం కరిగించి వేలితో అదమాలి, పట్టుకూ నూలుకూ ఇది పనికిరాదు, కాలిపోతాయి. కొక్కెం పెట్టకుండా రెండు కొసలూ పక్కపక్కన పెట్టి వాటి మీద ముడులు వేస్తే జారుడు ముడి, కొసలు లాగితే బిగువు, పట్టీని లాగితే వదులు. మా పాపకు పంపేవన్నీ ఇట్లాంటివే. అక్కడ కూర్చుని దాని మణికట్టు ఎంత లావైందో నాకెట్లా తెలుస్తుంది? వీడియో కాల్‌లో చేయి చూపిస్తుంది, కొలత కనపడదు. ఇదిగో, ఇప్పుడు పక్కనే కూర్చుని పూసలు కలిపేస్తోంది. వద్దు నాన్నా, ఎర్రవి అందులో పోయొద్దు.

ముడులు సగంలో ఉండగానే వదిన బంగారంగడికి తోడు రమ్మంది. ప్రొద్దుటూరులో కాదనే మాటే లేదు, మాది రెండో ముంబై కదా, పని ఏదైనా చివరికి బంగారంగడిలో తేలుతుంది. వాళ్ళ అక్క కూతురి ఫంక్షన్‌కు కమ్మలు. గుమాస్తా చీటీ మీద బరువు, రేటు, తరుగు, మజూరీ అని వరుసగా రాసి ఇచ్చాడు. వదిన రేటు మీద మాత్రం నిట్టూర్చింది. తరుగు, మజూరీ అడిగినంత కట్టింది. అంగడి బయట అరుగు మీద కూర్చున్న పూసలు గుచ్చే ఆయన దగ్గర అమ్మ నల్లపూసలు మళ్ళీ గుచ్చిస్తే, అదే వదిన 60 అన్నదాన్ని 40కి దించింది. ఆయన చేతులు చూస్తే నాకు అక్కడ నుంచి కదలబుద్ధి కాలేదు. కాలి బొటనవేలికి దారం తగిలించి, కంటితో చూడకుండా ముడి మీద ముడి వేస్తున్నాడు. వచ్చే దారిలో ఎర్రకారం దోసెలు తిన్నాం, ఆ వీడియో వేరే పెడతా.

ఇంటికొస్తే పక్కింటి పిన్నమ్మ కూర్చుని ఉంది. దసరాకు అమ్మవారిశాలకు పోయేటప్పుడు కోడలికి వేయాలని పచ్చ పూసల చోకర్ చెప్పి ఉంది. చేతిలో పెట్టి 650 అన్నా. తిప్పి తిప్పి చూసి, "ఇందులో బంగారం ఎంతమ్మే?" అంది. లేదు పిన్నమ్మా, గాజు పూసలు. "మరి దారానికీ గాజుకూ అంత దుడ్డా? 250 ఇస్తా."

ఎన్ని సాయంకాలాలు కూర్చున్నానో చెప్పినా ఉపయోగం లేదు, ఇంట్లో కూర్చునే ఆడదాని సాయంకాలానికి మా వైపు రేటు లేదు. వదినే పాప నోటుపుస్తకంలో కాగితం చించింది. పూసలు 280, దారం కొక్కెం 70, మజూరీ 300, మొత్తం 650. బంగారంగడి చీటీలాగే కింద గీత కొట్టి ఇచ్చింది. పిన్నమ్మ అద్దాలు పెట్టుకుని వరుసగా చదివింది. మజూరీ దగ్గర ఒక్క మాట అనలేదు. పూసల దగ్గర 30 తగ్గించమంది, తగ్గించినా. 500 నోటు ఇచ్చి, మిగతా 120 కోడలు వచ్చినాక అంది. గేటు దాకా పోయి మళ్ళీ వెనక్కి వచ్చి, "తరుగు ఎందుకు రాయలేదు?" అని అడిగింది.

పూసలకు తరుగు ఉండదు పిన్నమ్మా అన్నా. "అయితే ఆ మిగిలిన పూసలు నాకే రావాల కదా," అని తట్టలోవి పొట్లం కట్టించుకుని పోయింది.