అనాటమీ తప్పిన తరువాత: కాకినాడలో సప్లిమెంటరీ విద్యార్థులకు చేసిన ప్రసంగం

సభకు నమస్కారం. వైద్యవిద్యలో అనాటమీ, అంటే శరీర నిర్మాణ శాస్త్రం, తప్పి సప్లిమెంటరీ పరీక్షకు మళ్లీ కూర్చోబోతున్న మీకు ధైర్యం కలిగేలా నాలుగు మాటలు చెప్పమని నిర్వాహకులు నన్ను కోరారు. 1895లో భీమవరంలో పుట్టి, తరువాత పేరుమోసిన వైద్య పరిశోధకుడైన యల్లాప్రగడ సుబ్బారావుగారు మెట్రిక్యులేషన్‌ను మూడో ప్రయత్నంలో గాని గట్టెక్కలేదన్న సంగతి ఈపాటికే మీకు పదిమంది చెప్పి ఉంటారు. అది నిజమే, వింటే ఒక పూట ఊరట కలుగుతుంది కూడా. కాని మర్నాడు ఉదయం పుస్తకం తెరిస్తే బ్రేకియల్ ప్లెక్సస్, అంటే మెడ నుంచి చేతికి వెళ్లే నరాల అల్లిక, నిన్నటిలాగే కొరుకుడు పడకుండా ఉంటుంది. అందుచేత ఈ గంటసేపూ చదివే పద్ధతి గురించే మాట్లాడతాను.

మన భాషలో పరీక్ష పోయినా తప్పడమే, దారి పోయినా తప్పడమే. దారి తప్పినవాడు చేయవలసిన మొదటి పని ఎక్కడ తప్పాడో చూసుకోవడం. అదే దారిన ఇంకాస్త వేగంగా నడవడం కాదు. నేనూ మొదటి సంవత్సరంలో అనాటమీ తప్పాను. పాఠ్యపుస్తకం నాలుగుసార్లు చదివాను, ఎరుపు, నీలం, ఆకుపచ్చ గీతలు పడని పేజీ లేదు. వైవాలో, అంటే మౌఖిక పరీక్షలో, పరీక్షకుడు నా చేతిలో స్కాపులా, అంటే భుజపు రెక్క ఎముక, పెట్టి, ఇది కుడివైపుదా ఎడమవైపుదా అని అడిగారు. గ్లెనాయిడ్ కావిటీ అనే కీలు గుంట బయటి వైపుకు, స్పైన్ అనే గట్టు వెనక్కు, ఇన్ఫీరియర్ యాంగిల్ అనే కొన కిందికి ఉండేట్టు పట్టుకోవాలన్న వాక్యం ఏ పేజీలో, కుడి పక్కన ఏ మూల ఉందో నాకు కళ్లకు కట్టినట్టు కనిపించింది గాని, ఎముకను ఎటు తిప్పాలో తెలియలేదు. ఇంటికి వచ్చి, సరిగా చదవలేదని నాకు నేనే తీర్పు చెప్పుకొని అయిదోసారి మొదటి పేజీ నుంచి మొదలుపెట్టాను. మూడు వారాలు వృథా అయ్యాయి.

కాబట్టి పుస్తకం తెరవడానికి ముందు మీ మార్కుల కాగితం తెరవండి. థియరీ పోయిందా, ప్రాక్టికల్ పోయిందా? థియరీ అయితే పెద్ద ప్రశ్నలలోనా, షార్ట్ నోట్సులోనా, అసలు ఎంబ్రియాలజీ, అంటే పిండం ఎదుగుదల పాఠం, ముట్టుకోకపోవడం వల్లనా? ప్రాక్టికల్ అయితే స్పాటర్లా (చూసి గుర్తుపట్టవలసిన నమూనాలు), హిస్టాలజీ స్లైడ్లా (మైక్రోస్కోపు కింద చూసే కణజాలం), వైవానా? ఇంటర్నల్స్ జవాబు పత్రాలు దొరికితే అవి దగ్గర పెట్టుకొని మీ డిపార్ట్‌మెంట్‌లో ఒక ట్యూటరుగారి ముందు కూర్చోండి. సిగ్గు వేస్తుంది, నిజమే; ఆ సిగ్గు ఒక్క పావుగంట. వైవాలో నోరు పెగలక తప్పినవాడికీ, హిస్టాలజీ వదిలేసి తప్పినవాడికీ ఒకే టైంటేబుల్ ఇవ్వడం జ్వరానికీ విరిగిన కాలికీ ఒకే మాత్ర రాసినట్టు ఉంటుంది.

ఇక చదవడం. 2006లో అమెరికాలో రోడిగర్, కార్పికె అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు ఒక ప్రయోగాన్ని ప్రచురించారు. కొందరు విద్యార్థులు ఒక చిన్న పాఠాన్ని నాలుగు విడతలు చదివారు. మరికొందరు ఒక్క విడత చదివి, తరువాతి మూడు విడతలూ పాఠం చూడకుండా గుర్తున్నది రాశారు. అయిదు నిమిషాల తరువాత పరీక్షిస్తే చదివినవారే ముందున్నారు: వారికి 83 శాతం, రాసినవారికి 71 శాతం గుర్తుంది. వారం గడిచాక చదివినవారికి 40 శాతం, రాసినవారికి 61 శాతం మిగిలింది. ఇందులో నన్ను ఎక్కువగా ఆలోచింపజేసిన విషయం వేరే ఉంది: తమకు బాగా గుర్తుంటుందన్న నమ్మకం పదేపదే చదివినవారికే ఎక్కువ. పరీక్ష ముందు రోజు రాత్రి మీకు కలిగిన నిశ్చింత అదే. పేజీ పరిచయమైంది, విషయం రాలేదు.

అందువల్ల మీరు రోజుకు ఎన్ని పేజీలు చదివారన్న లెక్క మానేసి, ఎన్ని తెల్ల కాగితాలు నింపారన్న లెక్క పెట్టండి. బ్రేకియల్ ప్లెక్సస్‌నే తీసుకుందాం, ఎందుకంటే అది రాని వాడికి భుజం నుంచి వేళ్ల దాకా చేయంతా చీకటే. పాయ అన్న మాట మనకు రెండు చోట్ల ఉంది. ధవళేశ్వరం దిగువన గోదావరి గౌతమిగా, వసిష్ఠగా చీలుతుంది, వసిష్ఠ నుంచి వైనతేయ విడిపోతుంది. ఆ పాయలు మళ్లీ కలవకుండా సముద్రానికి పోతాయి. జడలో పాయలు అలా కాదు, చీలి మళ్లీ పెనవేసుకుంటాయి. ప్లెక్సస్ అన్న లాటిన్ మాటకు అర్థమే అల్లిక. వెన్నుపాము నుంచి మెడ దగ్గర వచ్చే అయిదు, ఆరు నరాలు, అంటే సి5, సి6, కలిసి పై ట్రంకు (మొదలు), సి7 ఒంటరిగా నడిమి ట్రంకు, సి8, ఛాతీ మొదటి నరం టి1 కలిసి కింది ట్రంకు అవుతాయి. ప్రతి ట్రంకూ ముందు పాయ, వెనుక పాయగా చీలుతుంది. మూడు వెనుక పాయలూ కలిస్తే పోస్టీరియర్ కార్డ్ (వెనుక పేట). పై, నడిమి ట్రంకుల ముందు పాయలు కలిస్తే లాటరల్ (బయటి) కార్డ్. కింది ట్రంకు ముందు పాయ ఒక్కటే మీడియల్ (లోపలి) కార్డ్. చేతిలోకి దిగే మీడియన్ నర్వుకు లాటరల్, మీడియల్ కార్డులు రెండింటి నుంచీ వాటా వస్తుంది. ఇది విన్నంత మాత్రాన రాదు. రోజూ పొద్దున్నే, పుస్తకం మూసి, గీయాలి. ఆగిపోయిన చోట ఎర్ర సిరాతో చుక్క పెట్టి, అప్పుడు పుస్తకం తెరిచి, ఆ చుక్క వరకే చదవాలి.

గీసిన తరువాత ఒక తూము మూసి చూడండి, కింద ఏ చేను ఎండుతుందో చెప్పండి; అంటే ఒక నరం తెగితే ఏ కండరాలు పడిపోతాయో. కోనసీమలో కొబ్బరి దింపు తీసే మనిషి కాలు జారి, పడుతూ పడుతూ ఒక మట్టను పట్టుకొని వేలాడాడనుకోండి. చేయి ఒక్కసారిగా పైకి లాగబడి కింది ట్రంకు, అంటే సి8, టి1 దెబ్బతింటాయి; అరచేతిలోని చిన్న కండరాలు పడిపోతాయి. అదే మనిషి భుజం నేలకు కొట్టుకొని, మెడ అవతలికి వంగిపోయేట్టు పడితే, తెగేవి సి5, సి6. చేయి పక్కకు లేవదు, మోచేయి వంగదు, చేయి లోపలికి తిరిగి వేలాడుతుంది. ఒకే చెట్టు, రెండు రకాల పడటం, రెండు పెద్ద ప్రశ్నలకు జవాబు.

పేర్లు భయపెడుతున్నాయని, ముఖ్యంగా తెలుగు మీడియంలో చదివి వచ్చినవారు, నాతో అంటుంటారు. ఆ పేర్లు ఇంగ్లీషు మీడియం వారికీ కొత్తవే. మణికట్టులోని ఎనిమిది ఎముకల్లో స్కఫాయిడ్ అంటే పడవ వంటిది, ల్యూనేట్ అంటే చంద్రవంక వంటిది, పిసిఫార్మ్ బఠాణీ గింజ వంటిది. ముందు మీ పక్కవాడికి తెలుగులో వివరించండి. తెలుగులో చెప్పలేకపోయారంటే ఇంగ్లీషులో బట్టీ పట్టారన్న మాట. తరువాత అదే విషయం ఇంగ్లీషులో, గట్టిగా, నిలబడి చెప్పండి. వైవాకు నాలుక కూడా అలవాటు పడాలి.

స్పాటర్లు, స్లైడ్లు పుస్తకంలో నేర్చుకునేవి కావు. గంట మోగేలోపు గుర్తుపట్టి ఒక కారణం రాయగలగాలి, అంతే. పేర్లు కప్పేసి, కాలేయం, క్లోమం, లాలాజల గ్రంథి స్లైడ్లను కలగాపులగంగా చూడండి. ఒకే అవయవాన్ని వరుసగా ఇరవైసార్లు చూస్తే అన్నీ వచ్చినట్టే ఉంటుంది.

ఇవాళ గీసినది రెండు రోజులకు, మళ్లీ వారానికి, మళ్లీ రెండు వారాలకు గీయాలి. మరపు ఎంత వేగమో జర్మన్ మనస్తత్వ శాస్త్రవేత్త ఎబింగ్‌హాస్ 1885లోనే కొలిచి చూపాడు. అమలాపురం నుంచి బస్సులో వచ్చేవారు ఎదుర్లంక వంతెన దాటేలోపు పన్నెండు క్రేనియల్ నర్వుల, అంటే కపాల నాడుల, పేర్లు, అవి పుర్రెలో బయటికి వచ్చే రంధ్రాలు మనసులో ఒకసారి తిప్పుకోవచ్చు; దానికి వేరే సమయం అక్కరలేదు.

తల్లిదండ్రులకు ఒక్క మాట. ఫలితం ఊళ్లో ఎవరికీ తెలియకూడదని పిల్లలను గదిలో దాచకండి, నిద్ర తగ్గించమని చెప్పకండి. మనసు మరీ కుంగిపోతే 14416కు, అంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ లైను టెలీమానస్‌కు, ఫోన్ చేయడం కూడా వైద్యమే.

మీ కుర్చీల మీద తలా ఒక తెల్ల కాగితం పెట్టించాను. పుస్తకాలు, ఫోన్లు సంచుల్లో పెట్టేయండి. సి5 దగ్గర మొదలుపెట్టండి. పది నిమిషాల తరువాత నేను వరుసల మధ్యకు వచ్చి ఎవరు ఎక్కడ ఆగారో చూస్తాను.