ఫోను నవ్వదు సార్

ప్రిన్సిపాల్ గారికి, వేదిక మీది పెద్దలకు, పిల్లలకు నమస్కారం. శాలువా కప్పారు, నా గురించి నాలుగు మంచి మాటలు చెప్పారు, సంతోషం. తిరుపతి ఎండల్లో శాలువా ఎందుకో మాత్రం నాకు నేటికీ అర్థం కాదు.

‘ఆంగ్ల బోధన - కృత్రిమ మేధ’ అని అంశం ఇచ్చారు. 2022 నవంబరులో చాట్‌జీపీటీ వచ్చిన దగ్గర నుంచి జరిగినదంతా రాసుకొచ్చాను. ఆ కాగితాలు జేబులోనే ఉండనివ్వండి. ఇందాక వరండాలో పిల్లలను అడిగాను, ఫోనులో అలాంటి కృత్రిమ మేధతో ఇంగ్లీషు మాట్లాడుతుంటే ఎలా ఉంటుందని. పలమనేరు వైపు నుంచి వచ్చిన ఒక అమ్మాయి తడుముకోకుండా చెప్పింది: “ఫోను నవ్వదు సార్.”

ఆ అమ్మాయి రాత్రి భోజనాలయ్యాక హాస్టల్ మేడ ఎక్కి, తన ఊరి గురించి ఫోనుకు చెప్పిందే మళ్లీ మళ్లీ చెబుతుందట. క్రియ తప్పితే అది విసుక్కోకుండా సరిదిద్దుతుందట. తరగతిలో మాత్రం హాజరు పలకడానికి తప్ప నోరు విప్పదు.

1986లో ఎలైన్ హార్విట్జ్, మరో ఇద్దరు పరిశోధకులు తరగతిలో పరాయి భాష మాట్లాడాలంటే కలిగే భయాన్ని కొలవడానికి 33 వాక్యాల ప్రశ్నావళి తయారుచేశారు. తోటివాళ్లు నవ్వుతారేమోనన్న భయం కూడా అందులో ఒక వాక్యం. నాకు ఆ ప్రశ్నావళి అక్కరలేదు. నేను చదువుకునే రోజుల్లో ఒక మాస్టారు నన్ను లేపి ఇంగ్లీషు ‘zoo’ అనిపించేవారు. ఆ ‘z’ తెలుగు నాలుకకు అలవాటు లేని శబ్దం, ‘జ’ అనే పలికేవాణ్ని. గది గదంతా నవ్వేదాకా కూర్చోనిచ్చేవారు కాదు. నాకప్పుడు ఫోను లేదు!

యంత్రాన్ని నెత్తికెత్తుకుంటున్నానని అనుకోకండి. “ఏం చెప్పినా బాగుందంటుంది, నమ్మబుద్ధి కాదు” అన్నాడు పక్కనున్న కుర్రాడు. ఆ అమ్మాయే సెలవు చీటీని దానితో రాయించుకుని, ఇవ్వలేక చించేసిందట. “అంత ఇంగ్లీషు నాది కాదు సార్. మేడమ్ ఎదురుగా ఏదైనా అడిగితే ఏం చెప్పాలి?” మేడమ్ ముందు నిలబడే ధైర్యం ఫోను ఇవ్వలేదు. అది ఇవ్వవలసినది ఈ గది.

అందుకే నా సమయంలో మిగిలిన అయిదు నిమిషాలు ఆమెకు ఇస్తున్నాను. తన ఊరి గురించి ఇంగ్లీషులో మాట్లాడుతుంది, ఒప్పుకుంది. ముందు వరుసలోని అధ్యాపకులకు ఒక విన్నపం: మధ్యలో సరిదిద్దకండి. వెనక బెంచీల వాళ్లూ, మీ సంగతి నాకు తెలుసు, వింటున్నారా? రా అమ్మా. ఎవరైనా ఆ మైకు కాస్త కిందికి దించండి.