రెండు నెలలే చేసినా ఈఎస్ఐ నిరుద్యోగ సాయం వస్తదా?

(తెర మీద: జడ్చర్ల దగ్గర పోలేపల్లి. షిఫ్టు విడిచినంక బస్సుల కోసం నిలబడ్డ వర్కర్లు. మాట వెనుక నుంచి.)

నమస్తే అన్నలకు, అక్కలకు, తమ్ముళ్లకు, చెల్లెండ్లకు. ఇటు పోలేపల్లి, కొత్తూరు, షాద్‌నగర్. అటు చౌటుప్పల్, చిట్యాల, మిర్యాలగూడ. ఈ రోడ్ల పొంటి కంపెనీలల్ల కాంట్రాక్టరు కింద చేసేటోళ్ల నోట ఎప్పుడూ వినే మాట ఒకటున్నది. "రెండు నెలలే చేసిన. ఆర్డర్లు లేవని రావద్దన్నరు. గింత తక్కువ చేసినోనికి ఏమొస్తది?"

రావచ్చు. ఆఖరు పని రెండు నెలలదే అయినా రావచ్చు. ఎందుకంటే ఈఎస్ఐ వాళ్లు చూసేది ఆఖరు కంపెనీల ఎన్ని రోజులు చేసిండ్రని కాదు, వెనుక రెండేండ్లల్ల మీ పేరు మీద ఎన్ని రోజులు జమైనయని. ఈ సంగతి తెల్వక మస్తుమంది అడగనే అడుగుతలేరు. అందుకే ఈ వీడియో.

(ముఖం తెర మీదకు.)

పథకం పేరు అటల్ బీమిత్ వ్యక్తి కల్యాణ్ యోజన. నడిపేది ఈఎస్ఐ కార్పొరేషన్. 2018 జులై 1న మొదలైంది. ఎన్నికలప్పుడు వినే నిరుద్యోగ భృతి వేరు, ఇది వేరు. ఇది ఈఎస్ఐల పేరున్నోళ్లకు బీమా కింద వచ్చే సాయం.

మన దిక్కు ఈఎస్ఐ అంటే సనత్‌నగర్ దవాఖాననే యాదికొస్తది. జ్వరమొస్తే పోవాలె, ఆపరేషనైతే పోవాలె, గంతే అనుకుంటరు. పని పోయినప్పుడు సుత అదే కార్డు పనికొస్తదని కంపెనీల ఎవరూ చెప్పరు.

మీరు దీంట్ల ఉన్నరా లేరా ముందు చూసుకోండ్రి.

(తెర మీద: జీతం చిట్టీ. ఈఎస్ఐ అని రాసున్న వరుస చుట్టూ ఎర్ర గీత.)

పది మంది, అంతకన్న ఎక్కువ మంది పనిచేసే కంపెనీ అయి, మీ జీతం నెలకు 21,000 రూపాయలు దాటకుంటే ఈఎస్ఐ కట్టాలె. మీ జీతంల నుంచి 0.75 శాతం కట్ అయితది, కంపెనీ తన దిక్కు నుంచి 3.25 శాతం కడతది. 14,600 జీతమైతే మీకు కట్ అయ్యేది దగ్గర దగ్గర 110 రూపాయలు. జీతం చిట్టీల ఆ 110 కనబడాలె. కనబడకుంటే సూపర్‌వైజర్‌ను ఆ రోజే అడగాలె, పని పోయినంక కాదు.

నల్లగొండ జిల్లా పత్తి మిల్లులల్ల చేసేటోళ్లు ఇక్కడ జర ఆగి వినాలె. జిన్నింగ్ మిల్లు పని పత్తి వచ్చే కాలంల నడుస్తది, తర్వాత మూతపడ్తది. ఈఎస్ఐ చట్టం తెచ్చినప్పుడే సీజను ఫ్యాక్టరీలను పక్కకు పెట్టిండ్రు. ఆ జాబితాల పత్తి జిన్నింగ్, పత్తి ప్రెస్సింగ్, పల్లికాయ పొట్టు తీసుడు, చక్కెర, బెల్లం పేర్లు పెట్టి మరీ ఉన్నయి. అంటే ఒట్టి జిన్నింగే నడిచే మిల్లుల ఎన్ని సీజన్లు చేసినా ఈఎస్ఐ రోజులు జమ కావు. పని పోతే నిలబడేతందుకు ఏ ఆధారం లేనోళ్లే అందరికన్న ముందు బయటపడ్డరు. ఇది నాకు న్యాయమనిపిస్తలేదు, ఆ మాట ఇక్కడ చెప్పకుండ ఉండలేను. రైసు మిల్లు ఆ జాబితాల లేదు. మిర్యాలగూడ మిల్లులల్ల చేసేటోళ్లు "మాది సీజను పని" అని ఎవరన్న అంటే ఊకోవద్దు. పదిమంది లెక్క చూసి అడగాలె.

ఇగ అసలు లెక్కకు వద్దాం.

(తెర మీద: ఏడాదిని రెండు ముక్కలు చేసిన క్యాలెండరు. ఏప్రిల్ నుంచి సెప్టెంబరు ఒక రంగు, అక్టోబరు నుంచి మార్చి ఇంకో రంగు.)

ఈఎస్ఐ వాళ్లు ఏడాదిని రెండు భాగాలు చేస్తరు. ఏప్రిల్ 1 నుంచి సెప్టెంబరు 30 దాకా ఒకటి, అక్టోబరు 1 నుంచి మార్చి 31 దాకా ఇంకోటి. కాంట్రిబ్యూషన్ అంటే మీ పేరు మీద ఈఎస్ఐకి కట్టే పైసలు, అందుకే వీటిని కాంట్రిబ్యూషన్ పీరియడ్లంటరు. మనం ఆర్నెల్ల లెక్క అనుకుందాం. రెండేండ్లల్ల ఇసొంటివి నాలుగు.

రూలు ఇది. పని పోకముందు రెండేండ్లు మీరు ఈఎస్ఐ ఉన్న కొలువుల ఉండాలె. పని పోయిన దానికి సరిగ్గా ముందున్న ఆర్నెల్లల్ల 78 రోజులకు తక్కువ కాకుండ కాంట్రిబ్యూషన్ పడి ఉండాలె. దానికి ముందున్న మూడింట్ల ఏదో ఒక ఆర్నెల్లల్ల ఇంకో 78 రోజులు ఉండాలె. నెలకు 26 దినాల లెక్కన 78 అంటే మూడు నెలల పని. మొదట్ల నాలుగు పీరియడ్లకు నాలుగింట్ల 78 అడిగేది. కరోనా కాలంల, 2020 మార్చి 24 నుంచి, దాన్ని రెండింటికి తగ్గించిండ్రు. నాలుగింట్ల రెండే అడుగుతున్నరంటే మధ్యల ఒక్కోసారి పని లేకుండ పోతదని వాళ్లకు సుత ఎరికైందన్నట్టు.

ఒక చెల్లె ఉన్నదనుకుందాం. 2023 మేల పోలేపల్లిల మందుల కంపెనీల ప్యాకింగు పనికి చేరింది. 2025 మార్చి ఆఖరు దాకా చేసింది. మూడు నెలలు ఇంటికాడ ఉన్నది. జులైల కొత్తూరు దిక్కు ఒక గోదాముల చేరింది, ఆగస్టు 31న తీసేసిండ్రు. ఆఖరు పని రెండే నెలలు. కని ఆమె పని పోయింది ఏప్రిల్-సెప్టెంబరు పీరియడ్ల. దానికి ముందుది 2024 అక్టోబరు నుంచి 2025 మార్చి. అప్పుడు ఆమె పోలేపల్లిల నిండుగ పనిచేసింది, 78 ఎప్పుడో దాటింది. అంతకుముందు పీరియడ్లల్ల సుత రోజులున్నయి. ఆమె దరఖాస్తు పెట్టుకోవచ్చు, పెట్టుకోవాలె కూడా.

ఇంకో తమ్ముడు. బతుకుదెరువుకు ముంబై పోయి వచ్చిండు, మన పాలమూరుల ఇది కొత్త కాదు. అంతకుముందు ఈఎస్ఐల పేరున్నది, పాత రోజులు ఉన్నయి, మిగతావన్నీ సరిపోయినయనుకుందాం. 2025 ఆగస్టుల చేరి డిసెంబరు ఆఖరు దాకా ఐదు నెలలు చేసిండు. చెల్లె కన్న ఎక్కువే చేసిండు కదా? అయినా అతనికి రాదు. డిసెంబరుల పని పోయింది కాబట్టి దానికి ముందున్న పీరియడ్ ఏప్రిల్-సెప్టెంబరు. దాంట్ల అతనివి ఆగస్టు, సెప్టెంబరు రెండే నెలలు, 52 రోజులు. 26 రోజులు తక్కువైనయి.

అదే తమ్ముడు జనవరిల ఈఎస్ఐ ఉన్న ఇంకో పనిల చేరి, ఆ పని ఏప్రిల్‌ల పోయిందనుకో. అప్పుడు చూసే పీరియడ్ అక్టోబరు-మార్చి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా చేసిన 78 రోజులు అండ్లనే ఉన్నయి. మనిషి అతనే, పాత పని అదే, పని పోయిన తారీకు మారేసరికి జవాబు మారింది. అందుకే "నాకు రాదన్నరు" అని కార్డు పక్కకు పెట్టెయ్యొద్దు. ఇయ్యాల రానిది వచ్చే పని పోయినప్పుడు రావచ్చు.

మొదటిసారి కొలువు చేరి నాలుగైదు నెలలకే పోయినోళ్లకు మాత్రం రాదు. రెండేండ్ల రూలు అడ్డం వస్తది.

(తెర మీద: కూడిక, భాగహారం, ఒక్కో వరుస మెల్లగ.)

ఎంతొస్తది? దినానికి సగటు సంపాదనల సగం, 90 రోజుల దాకా. కరోనాకు ముందు పావు వంతే ఉండేది. "సగటు" తీసే పద్ధతే మనోళ్లకు తెల్వదు, తీరా పైసలు పడ్డంక మోసం జరిగిందనుకుంటరు. నాలుగు పీరియడ్లల్ల మీరు సంపాదించిందంతా కూడి, 730తో భాగిస్తరు. పని చేసిన రోజులతో కాదు, రెండేండ్లల్ల ఉన్న మొత్తం రోజులతో.

మన చెల్లె జీతం 14,600 అనుకుందాం. 2023 మే నుంచి 2025 మార్చి దాకా 23 నెలలు. మొత్తం 3,35,800. 730తో భాగిస్తే 460. దాంట్ల సగం 230. 90 రోజులకు 20,700 రూపాయలు. అదే జీతానికి ఆ రెండేండ్లల్ల పది నెలలే చేసినోళ్లకైతే దినానికి 100 రూపాయలు, 90 రోజులకు 9,000. ఖాళీ నెలలు ఎన్ని ఉంటే అంత కోసుకపోతది.

ఇది బతుకుల ఒక్కసారే ఇస్తరు. కాబట్టి ఖాళీలు ఎక్కువుండి లెక్క 9,000 దగ్గర ఆగితే జర ఆలోచించమంట. వచ్చే నెల ఇంకో కొలువు ఖాయమని నమ్మకముంటే ఆగడమే మంచిదని నేనంట. ఇంట్ల బియ్యం సంచికి కష్టమున్నదా, మారు మాట లేకుండ పెట్టుకోండ్రి. సాయం అందుకునే రోజులల్ల దవాఖాన వైద్యం సుత నడుస్తది.

ఇగ అందరికన్న ఎక్కువ నష్టం జరిగే కాడికొచ్చినం.

(తెర మీద: తెల్ల కాయితం, పెన్ను.)

కాంట్రాక్టరు పిలుస్తడు. "ఇగో, సొంతంగ మానేస్తున్న అని రాసియ్యి, నీ సెటిల్‌మెంట్ జేస్త" అంటడు. పాత జీతం అండ్ల ఆగి ఉంటది, గందుకని సంతకం పెడ్తరు. ఆ కాయితంతోని సాయం పోతది. మీ అంతట మీరు మానేస్తే ఈ పథకం వర్తించదు. తప్పు చేసిండని శిక్ష కింద తీసేసినా, వయసు నిండి రిటైరైనా, చట్టవిరుద్ధమని తేల్చిన సమ్మెల ఉన్నా వర్తించదు. కంపెనీ పని లేక తీసేస్తే మాత్రం, ఆ మాటనే కాయితం మీద ఉండాలె. ఆర్డర్లు లేవని కాంట్రాక్టరు వాట్సాప్‌ల పెట్టిన మెసేజి ఉంటే దాన్ని చెరపొద్దు. గేటుకాడ అంటించిన నోటీసు ఉంటే ఫొటో తీసుకోండ్రి.

కాయితం ఒక్కటే కాదు. కంపెనీ నెల నెలా ఈఎస్ఐ వెబ్‌సైటుల లెక్క ఎక్కించేటప్పుడు, పనికి రాని మనిషి పేరు ఎదురుంగ ఒక కారణం ఎంచుకుంటరు. "లెఫ్ట్ సర్వీస్" అని ఒకటుంటది, "రిట్రెంచ్‌మెంట్" అని ఇంకోటి. మొదటిది అంటే మనిషి కొలువు విడిచిపోయిండని. రెండోది అంటే కంపెనీ తగ్గించిందని. ఆఫీసుల కంప్యూటరు ముందు కూసున్న పిల్లగాడు అందరికీ మొదటిదే నొక్కుకుంట పోవచ్చు. కాబట్టి ఆఖరు రోజు అకౌంట్స్ కాడికి పోయి "సార్, నా పేరు కాడ ఏం కారణం పెట్టిండ్రు?" అని అడగండ్రి. అడుగుడు తప్పు కాదు.

ఈఎస్ఐ నంబరు పది అంకెలది. అది మనిషిది, కంపెనీది కాదు. కొత్త కాంట్రాక్టరు "మళ్లీ కొత్త నంబరు తీస్త" అంటే ఒప్పుకోవద్దు. పాతది రాసియ్యండ్రి. రెండు నంబర్లైతే మీ రోజులు రెండు చోట్ల చీలిపోతయి, ఎక్కడా 78 నిండదు. ఇప్పటికే రెండున్నోళ్లు పని ఉండంగనే బ్రాంచ్ ఆఫీసుకు పోయి కలపమని అడగండ్రి.

మరి జీతంల కట్ చేసి ఈఎస్ఐకి కట్టనోళ్లుంటే? కాంట్రాక్టరు కట్టకున్నా, ఏ కంపెనీల పని చేసిండ్రో ఆ అసలు కంపెనీనే కట్టాలెనని చట్టంల ఉన్నది. జీతం చిట్టీ, బ్యాంకుల జీతం పడ్డ లెక్క, గేటు పాసు ఇవి చేతుల ఉంటే ఫిర్యాదు నిలబడ్తది. రోజులు పడుతున్నయా లేదా మీరే చూసుకునేతందుకు ఈఎస్ఐ వెబ్‌సైటుల మీ నంబరుతోని లాగిన్ ఉంటది. మూడు నెలలకొకపారి చూసుకుంటే చాలు.

(తెర మీద: ఫోనుల ఈఎస్ఐ పేజీ, మెల్లగ కిందికి జరుగుతది.)

దరఖాస్తు మీరే పెట్టుకోవచ్చు, కంపెనీ సంతకం కోసం తిరగాల్సిన పని లేదు. పని పోయి 30 రోజులు నిండాలె. ఏడాది దాటనియ్యొద్దు. వెబ్‌సైటుల క్లెయిము నింపి, ఆధారు, బ్యాంకు పాసుబుక్కు వివరాలు జతచేసి, మీ బ్రాంచ్ ఆఫీసుల అడగండ్రి. ఆధారుల పేరు, ఈఎస్ఐల పేరు, బ్యాంకుల పేరు ఒక్క తీరుగ ఉండాలె. ఇంటిపేరు ఒకచోట ముందు, ఒకచోట ఎనుక ఉన్నా ఆగిపోతది. పైసలు మీ ఖాతాలనే పడ్తయి, మధ్యల ఎవరికీ కమీషను ఇయ్యాల్సింది లేదు.

కంపెనీనే మూతపడ్డదా, లేకుంటే చట్టప్రకారం రిట్రెంచ్‌మెంట్ చేసిండ్రా, అట్లయితే ఇంకో పథకం గురించి ముందు అడగండ్రి. రాజీవ్ గాంధీ శ్రామిక్ కల్యాణ్ యోజన, 2005 ఏప్రిల్ 1 నుంచి ఉన్నది. 24 నెలల దాకా ఇస్తరు, మొదటి ఏడాది సగం, రెండో ఏడాది పావు. 90 రోజులెక్కడ, 24 నెలలెక్కడ.

అటల్ పథకాన్ని మొదలు రెండేండ్లకే పెట్టిండ్రు, పొడిగించుకుంట వస్తున్నరు. 2024ల పొడిగించినప్పుడు 2026 జూన్ 30 దాకా అన్నరు. మీరు ఈ వీడియో ఆ తారీకు దగ్గర గాని, తర్వాత గాని చూస్తుంటే, ముందు ఈఎస్ఐ ఉచిత నంబరు 1800-11-2526కు ఫోను చేసి పథకం నడుస్తుందా అని అడిగి, అప్పుడు బ్రాంచ్ ఆఫీసుకు బయల్దేరండ్రి. ఫోను చేసే ముందు మీ పది అంకెల నంబరు, పని పోయిన తారీకు ఒక కాయితం మీద రాసి పెట్టుకోండ్రి.