క్యాజువల్టీలోనే మొదలు కావలసిన మానసిక చికిత్స

హౌస్ సర్జన్లకు, నర్సింగ్ సిబ్బందికి, వైద్య విద్యార్థులకు నమస్కారం.

మానసికంగా అత్యవసర స్థితిలో ఉన్న రోగిని మన దేశంలో కుటుంబం భూతవైద్యుడి దగ్గరికో, దర్గాకో, గుడికో తిప్పి, పరిస్థితి చేయి దాటాక దగ్గర్లోని జనరల్ ఆసుపత్రికి తీసుకొస్తుంది. లక్ష జనాభాకు ఒక్క సైకియాట్రిస్టు కూడా లేని దేశంలో ఇంకెక్కడికి వెళ్తారు? అందుకే అతనికి తొలి చికిత్స అందవలసింది క్యాజువల్టీలోనే అన్నది నేను మీ ముందుంచదలచిన మాట.

జిల్లా ఆసుపత్రుల్లో తరచూ జరిగేది వేరు. అర్ధరాత్రి ఆటోలోంచి, తువ్వాళ్ళతో చేతులు కట్టేసిన మనిషిని నలుగురు పట్టుకుని దింపుతారు. గోడ మీద పురుగులు పాకుతున్నాయని అతను కేకలు వేస్తుంటాడు, చేతులు వణుకుతుంటాయి, చొక్కా చెమటతో తడిసిపోయి ఉంటుంది. "మెంటల్ కేసు, ఎర్రగడ్డకు తీసుకెళ్ళండి" అని చీటీ రాసిస్తారు. అతను తాగుడు మానేసి అది మూడో రోజన్న సంగతి ఎవరూ అడగరు. రోజూ తాగేవారిలో మద్యం హఠాత్తుగా ఆగిన రెండు నుంచి నాలుగు రోజుల్లో తలెత్తే ఈ స్థితి ప్రాణం తీయగలదు. దీనికి కావలసిన లోరాజెపామ్, థయమిన్ ఇంజెక్షన్లు అక్కడికక్కడే మొదలుపెట్టాలి తప్ప, రోగిని వంద కిలోమీటర్ల ప్రయాణానికి వదిలేయకూడదు. రక్తంలో చక్కెర పడిపోయినా, సోడియం తగ్గినా, మెదడువాపు వచ్చినా మనిషి ఇలాగే పిచ్చిగా మాట్లాడవచ్చు. గ్లూకోమీటర్‌తో ఒక్క చుక్క రక్తం పరీక్షించకుండా "మెంటల్" అని రాయడం రోగికి చేసే అన్యాయం.

రోగి నిజంగా ఉన్మాదంతో తిరగబడుతున్నా భయపడి పంపేయనక్కర్లేదు. హాలోపెరిడాల్‌కు ప్రోమెథజీన్ కలిపి ఇచ్చే ఇంజెక్షన్‌ను రియో డి జనీరోలోనూ, మన వెల్లూరులోనూ అక్కడి అత్యవసర రోగుల మీదే పరీక్షించారు; 2004లో వెలువడిన వెల్లూరు ఫలితాల ప్రకారం అది లోరాజెపామ్ కన్నా త్వరగా రోగిని శాంతపరిచింది. హాలోపెరిడాల్, ప్రోమెథజీన్ రెండూ చవక మందులే.

చట్టం కూడా మీ పక్షానే ఉంది. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలోని 94వ సెక్షన్ ప్రకారం, ప్రాణానికో ఇతరులకో తీవ్ర హాని తప్పదనుకున్నప్పుడు, రిజిస్టరైన ఏ డాక్టరైనా, అందుబాటులో ఉంటే రోగి తరఫున నిర్ణయం చెప్పే నామినీ ప్రతినిధి సమ్మతితో, 72 గంటల వరకు అత్యవసర చికిత్స చేయవచ్చు. కరెంటు షాకు చికిత్స మాత్రం ఈ సెక్షన్ కింద కుదరదు.

పురుగుల మందు తాగి వచ్చినవారి గురించి నాకు మరింత ఆవేదన ఉంది. కడుపు కడుగుతాం, అట్రోపిన్ ఇస్తాం, కాగితాల్లో "కడుపునొప్పి తాళలేక" అని రాసుకుంటాం, కోలుకోగానే ఇంటికి పంపేస్తాం. ఎందుకు చావాలనుకున్నారో అడిగేవారుండరు. కేసు పెడతారన్న భయంతో ఇంటివాళ్ళూ నోరు విప్పరు. అదే చట్టంలోని 115వ సెక్షన్, ఆత్మహత్యకు ప్రయత్నించిన వ్యక్తి తీవ్ర ఒత్తిడిలో ఉన్నట్టే భావించి శిక్ష నుంచి మినహాయిస్తుంది. 2024 జూలైలో అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో, ఆత్మహత్యాయత్నాన్ని నేరంగా చూసిన పాత శిక్షాస్మృతిలోని 309వ సెక్షనే లేదు. ఈ మాట వార్డులో కుటుంబానికి మీరే చెప్పాలి. రోగితో ఒంటరిగా కూర్చుని మాట్లాడాలి, డిశ్చార్జి కాగితం మీద సైకియాట్రీ ఓపీ తేదీ, ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416 రాయాలి, ఇంట్లో మిగిలిన పురుగుల మందు డబ్బాకు తాళం వేసి తాళంచెవి ఎవరి దగ్గర ఉంచాలో తేల్చి పంపాలి.