వద్దనే మనిషిని ముందు అడగండి

అందరికీ నమస్కారం. కడప నుంచి, కర్నూలు నుంచి పొద్దున్నే బస్సెక్కి అనంతపురం వచ్చినవాళ్లు కూడా ఉన్నారు కాబట్టి సూటిగా విషయంలోకి వస్తాను. మీలో సగం మంది బ్యాంకుల వాళ్లు, మిగతావాళ్లు ఫ్యాక్టరీల్లో సూపర్‌వైజర్లు, సచివాలయాల్లో పనిచేసేవాళ్లు. మీ అందరి ఆఫీసుల్లోనూ ఈ మధ్య ఏదో ఒకటి మారింది, మారుతోంది. ఆ మార్పును మీరు నిర్ణయించలేదు, కానీ మీ కింద పనిచేసేవాళ్లకు చెప్పాల్సింది మాత్రం మీరే. ఆ కష్టం గురించే మాట్లాడతాను.

2025 మే 1న మన రాష్ట్రంలోని నాలుగు గ్రామీణ బ్యాంకులు కలిసి ఆంధ్రప్రదేశ్ గ్రామీణ బ్యాంకు అయ్యాయి. దేశం మొత్తంలో 43 గ్రామీణ బ్యాంకులు ఉంటే ఆ రోజుతో 28 అయ్యాయి. కడప కేంద్రంగా నడిచిన ఆంధ్ర ప్రగతి గ్రామీణ బ్యాంకు కూడా అందులో కలిసిపోయింది. ఆ బ్యాంకైనా 2006లో రాయలసీమ, శ్రీ అనంత, పినాకిని అనే మూడు గ్రామీణ బ్యాంకులు కలిస్తే పుట్టిందే. అంటే 2006కి ముందు చేరినవాళ్లు తమ బ్రాంచి బోర్డు మీద పేరు మారడం రెండోసారి చూశారన్నమాట.

ఆ వారంలో నాకు తెలిసిన ఒక అమ్మాయి ఫోన్ చేసింది, కౌంటర్లో పనిచేస్తుంది. ఒక ముసలాయన వచ్చి పాస్‌బుక్ ముందర పెట్టి, "మా బ్యాంకు ఎత్తేసినారంట గదమ్మా, నా దుడ్లు యాడికి పోయినాయి?" అని అడిగాడట. యాడికీ పోలేదు తాతా, పేరు మారిందంతే అని ఎంత చెప్పినా ఆయనకు నమ్మకం కుదరలేదు. ఉన్న డబ్బంతా తీసుకున్నాడు. బెంచీ మీద కూర్చుని రెండుసార్లు లెక్కపెట్టుకున్నాడు. మళ్లీ లైన్లో నిలబడి మొత్తం అదే ఖాతాలో వేసి వెళ్లాడు. ఆ అమ్మాయి విసుక్కోలేదు, రెండు వోచర్లూ తానే రాసిచ్చింది.

ఆ పిల్ల చేసిన పని నాకు చాలా గొప్పగా అనిపించింది. మార్పు వచ్చినప్పుడు మన స్టాఫ్ కూడా ఆ తాత లాంటివాళ్లే. సర్క్యులర్ చదివి వినిపిస్తే వాళ్లకు ధైర్యం రాదు, తమ చేత్తో ఒకసారి లెక్కపెట్టుకోవాలి. ఆ టైం వాళ్లకు ఇవ్వడానికి మనకు ఓపిక ఉందా లేదా అన్నదే అసలు ప్రశ్న.

నాకు ఆ ఓపిక ఒకప్పుడు లేదు. దాని ఫలితం ఒక ముసలమ్మ అనుభవించింది. ఆ సంగతి చెప్పాలనే ఈ రోజు వచ్చాను.

నేను ముప్ఫై ఏళ్లకు పైగా ఒక బ్యాంకులో పనిచేశాను, ఎక్కువ కాలం ఈ జిల్లాలోనే. బ్యాంకుల్లో కంప్యూటర్లు పెట్టాలని రిజర్వ్ బ్యాంకు వేసిన రంగరాజన్ కమిటీ 1984లోనే నివేదిక ఇచ్చింది. ఉద్యోగాలు పోతాయని యూనియన్లు గట్టిగా వ్యతిరేకించిన రోజులవి. నేను మేనేజర్‌గా ఉన్న మండల కేంద్రం బ్రాంచికి ఆ కంప్యూటర్ వచ్చేసరికి ఇరవై ఏళ్లు దాటిపోయింది. అప్పటిదాకా అంతా లెడ్జర్లే. మోచేయంత పొడవున్న పుస్తకాలు, అట్ట మూలలకు గుడ్డ అంటించి ఉండేది. సాయంత్రం పది పైసలు తేడా వచ్చినా రాత్రి ఎనిమిదైనా, తొమ్మిదైనా ట్యాలీ అయ్యేదాకా ఎవరూ ఇంటికి పోయేవాళ్లు కాదు.

ఆ లెడ్జర్లన్నీ మా సీనియర్ క్లర్క్ చేతిలో ఉండేవి. రిటైర్మెంటుకు ఇంకా రెండేళ్లుంది ఆయనకు. ఖాతాలన్నీ కంప్యూటర్‌లోకి ఎక్కించాలి, ఫలానా తేదీలోపు అయిపోవాలి అని పైనుంచి ఉత్తర్వు వచ్చింది. ఆయన నా క్యాబిన్‌కి వచ్చి నిలబడి, "సార్, ఇది ఇట్ల తొందరపడి చేసేది కాదు సార్, ఇంగో నెల అడగండి" అన్నాడు. నేను ఏమనుకున్నానో దాచకుండా చెబుతాను. ఈయనకు కంప్యూటర్ అంటే భయం, ఈ వయసులో నేర్చుకోలేడు, అందుకే సాకులు చెబుతున్నాడు అనుకున్నాను. ఎందుకు వద్దంటున్నావన్నా అని ఒక్క మాట అడగలేదు. "మీరు టెన్షన్ పడొద్దు, కొత్త పిల్లలు చేసేస్తారు" అని పంపేశాను. ఆయన ఇంకేం మాట్లాడలేదు.

కొత్తగా చేరిన ముగ్గురు పిల్లలు రాత్రీ పగలూ కూర్చుని గడువు కంటే రెండు రోజుల ముందే పని పూర్తి చేశారు. నాకు మెచ్చుకోళ్లు కూడా వచ్చాయి.

మన ఊళ్ల సంగతి మీకు తెలుసు. ఊరి దేవుడి పేరే సగం మందికి పెడతారు. ఒక్క ఊళ్లోనే మారెన్నలు పదిమంది, మారెక్కలు పదిమంది, వాళ్ల తండ్రుల పేర్లూ అవే. మా క్లర్క్ ఏం చేసేవాడంటే, లెడ్జర్ పేజీ పైన మూలకు పెన్సిల్‌తో చిన్నగా రాసి పెట్టుకునేవాడు. బాయికాడ మారెక్క, చింతమాను మారెక్క, గొర్రెల మారెక్క, ఇలా. ఆ పెన్సిల్ రాతలు ఏ ఫారంలోనూ లేవు, కంప్యూటర్‌లో వాటికి గడి కూడా లేదు. పిల్లలు సిరాతో ఉన్నది ఎక్కించారు, పెన్సిల్‌తో ఉన్నది వదిలేశారు. వాళ్ల తప్పేమీ లేదు, అదేమిటో వాళ్లకు చెప్పినవాళ్లు లేరు. చెప్పగలిగిన మనిషిని నేనే పక్కన కూర్చోబెట్టాను.

మూడో వారంలో ఒక ముసలమ్మ వచ్చింది. చెనిక్కాయలు అమ్మిన డబ్బు కొడుకు వేశాడు, కూతురి కాన్పుకు కావాలి. ఖాతాలో లేదు. అదే పేరు, అదే తండ్రి పేరు ఉన్న ఇంకొకామె ఖాతాలో పడింది. ఆమె అప్పటికే తీసి ఖర్చు పెట్టేసుకుంది. వాళ్ల అబ్బాయి బెంగళూరు నుంచి పంపాడేమో అనుకుందట, ఆమెను తప్పు పట్టడానికి కూడా లేదు. ఆ డబ్బు సర్దడానికి నెల పట్టింది. ఆ నెలంతా ముసలమ్మ రోజు మార్చి రోజు వచ్చి గడప దగ్గర కూర్చునేది. నన్ను ఒక్క మాట అనలేదు. కూతురి కాన్పుకు అప్పు చేసిందని తరవాత తెలిసింది.

ముసలమ్మ మొదట వచ్చిన రోజు సాయంత్రమే మా క్లర్క్ దగ్గరికి నేనే వెళ్లాను. "అన్నా, మీరు చెప్పాలనుకున్నది ఇదేనా?" అని అడిగాను. "ఇదే సార్" అన్నాడు. అంతే, ఇంకేం అనలేదు.

మార్పు వద్దనే మనిషి రెండు రకాల మాటలు ఒకేసారి మాట్లాడతాడు. ఒకటి భయం, రెండోది సమాచారం. మనకు భయమే వినిపిస్తుంది, ఎందుకంటే అది గట్టిగా వినిపిస్తుంది. అడుగున ఉన్న సమాచారం కావాలంటే కూర్చోబెట్టి, టీ తెప్పించి, "ఇది వస్తే ఏం పాడవుతుందని మీకు అనిపిస్తోంది?" అని అడగాలి. ఎందుకు ఒప్పుకోవట్లేదు అని అడగకూడదు, అలా అడిగితే ఆ మనిషి తనను తాను కాపాడుకునే పనిలో పడతాడు. ఏం పాడవుతుంది అని అడిగితే పని గురించి చెబుతాడు. ఇరవై ఏళ్లు ఒకే సీట్లో కూర్చున్న మనిషికి తెలిసినది ఏ సాఫ్ట్‌వేర్ కంపెనీకీ తెలియదు, దీన్ని నేను గట్టిగా నమ్ముతాను.

మరుసటి రోజు నుంచి మా క్లర్క్ కుర్చీని ఆ ముగ్గురు కొత్త పిల్లల్లో ఒక అమ్మాయి కుర్చీ పక్కన వేయించాను. ఆయన పెన్సిల్ రాతలు చదువుతాడు, ఆమె టైప్ చేస్తుంది. గడి లేదన్నాం కదా, అడ్రస్ రాసే చోట మూడో లైను ఖాళీగా ఉంటుంది సార్, అక్కడ రాస్తే తెర మీద కనిపిస్తుంది అని ఆ అమ్మాయే కనిపెట్టింది. "బాయికాడ" అని అడ్రస్‌లో చేరింది. ఇన్నోవేషన్ అని పెద్ద పెద్ద మాటలు వింటుంటాం. మా బ్రాంచిలో అది ఇలా వచ్చింది, ఒక పెద్దాయన పెన్సిల్ రాతకు ఒక చిన్నపిల్ల ఖాళీ లైను చూపించింది. ఇందులో నేను చేసింది రెండు కుర్చీలు దగ్గరికి జరపడం.

ఇంకో సంగతి. 2016 నవంబర్ 8 రాత్రి 500, 1000 నోట్లు రద్దయ్యాయి. తొమ్మిదో తేదీ బ్యాంకులు మూసి ఉన్నాయి, పదో తేదీ తెరిచాం. మన దగ్గర చెనిక్కాయ పీకే కాలం అది, కూలీలకు డబ్బులివ్వాలి. మనిషికి 4,000 వరకే మార్చుకోవచ్చన్నారు. చేతికొచ్చేదేమో కొత్త 2000 నోటు, దానికి ఊళ్లో చిల్లర దొరకదు. ఆ నోటు సైజే వేరు కాబట్టి ఏటీఎంలను కూడా మళ్లీ సరిచేయాల్సి వచ్చింది. తెల్లారకముందే గేటు బయట లైను ఉండేది. రూల్స్ రెండు రోజులకోసారి మారేవి. స్టాఫ్ మధ్యాహ్నం అన్నం తినడానికి కూడా లేవలేకపోయారు.

ఆ రోజుల్లో నేను మొదలుపెట్టిన పని ఒకటే. పొద్దున తాళం తీశాక పది నిమిషాలు అందరం నిలబడి మాట్లాడుకునేవాళ్లం. ఈ రోజు మన దగ్గర ఇంత క్యాష్ ఉంది, ఇంతమందికి సరిపోతుంది, రేపు వస్తుందో లేదో నాకు తెలియదు. తెలియదు అన్న మాట కూడా పైకే చెప్పేవాణ్ణి. క్యాష్ ఎంతుందో ఒక పేపర్ మీద రాసి గేటుకు అంటించేవాళ్లం. అలా రాస్తే గొడవ అవుతుందని హెడ్ క్యాషియర్ భయపడ్డాడు, కానీ గొడవ తగ్గింది. సరిపోదని తెలిసినవాళ్లు ఎండలో నిలబడకుండా వెళ్లిపోయారు.

రెండో రోజు మా అటెండర్ వచ్చి, "సార్, మధ్యాహ్నం ఒంటిగంట బస్సు పోతే ఆ రెండు ఊర్లోళ్లకు మళ్ల సాయంత్రం దాకా బస్సు లేదు, వాళ్లను ముందు పంపిద్దాం" అన్నాడు. ఏ ఊరికి ఏ బస్సు ఎన్నింటికో ఆయనకు నోటికి వచ్చు, ఎందుకంటే ఆయనా రోజూ అదే బస్సులో వస్తాడు. ఊరిని బట్టి టోకెన్లు ఇచ్చాం. లైను అదే, జనం అంతే, కేకలు మాత్రం సగానికి తగ్గాయి. 2020 ఏప్రిల్‌లో, లాక్‌డౌన్‌లో, జన్ ధన్ మహిళల ఖాతాల్లో 500 రూపాయలు వేసినప్పుడు ఖాతా నంబరు చివరి అంకెను బట్టి దేశమంతా రోజులు కేటాయించారు. ఆ వార్త చూసినప్పుడు నాకు మా అటెండరే గుర్తొచ్చాడు.

ఇక తట్టుకోవడం గురించి. స్టాఫ్ స్ట్రాంగ్‌గా ఉండాలి, ఒత్తిడి తట్టుకోవాలి అని మీటింగుల్లో చెబుతుంటారు, నాకు ఆ మాట నచ్చదు. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడే జిల్లా ఇది, ఇక్కడి రైతుకు తట్టుకోవడం గురించి ఎవరూ చెప్పక్కర్లేదు. ఆయన చెనిక్కాయ మొక్కకు ధైర్యం చెప్పి ఊరుకోడు. ఏడు సాళ్లకో, పదకొండు సాళ్లకో ఒక కంది సాలు వేస్తాడు. ఊడలు దిగేటప్పుడు వాన మొహం చాటేస్తే చెనిక్కాయ పోతుంది, వేరు లోతుగా పోయే కంది మాత్రం నిలబడుతుంది. ఆ ఏడాది అప్పు పూర్తిగా తీరకపోవచ్చు, ఇంట్లో పప్పుకైతే లోటుండదు. ఆ ఏర్పాటు చేసేది విత్తనం వేసే రోజున, ఎండిపోయాక కాదు.

ఆఫీసులో కంది సాలు అంటే, ప్రతి పని తెలిసిన రెండో మనిషి. బంగారు లోన్ ఒక్కరికే తెలుసు, సాయంత్రం క్యాష్ ట్యాలీ ఒక్కరికే తెలుసు అంటే ఆ ఒక్కరికి జ్వరం వస్తే బ్రాంచి కూలబడుతుంది, జ్వరంలో కూడా ఆ మనిషిని మనమే లాక్కొస్తాం, దానికి కమిట్‌మెంట్ అని పేరు పెడతాం. అది అన్యాయం. పని తక్కువగా ఉండే నెలల్లో, నెలకు రెండు పూటలు, సీట్లు మార్చి కూర్చోబెట్టండి. మొదట్లో పని నెమ్మదిస్తుంది, కస్టమర్లు అడుగుతారు. నేర్చుకుంటున్నారు, ఓపిక పట్టండని మీరే బయటికి వచ్చి చెప్పండి. మీరు కౌంటర్ ముందుకొచ్చి నిలబడితే స్టాఫ్‌కు వచ్చే ధైర్యం వేరు.

రాత్రి పదింటికి వాట్సాప్ గ్రూపులో రేపటి టార్గెట్ పెట్టే అలవాటు ఉంటే దయచేసి మానేయండి. పొద్దున చెబితే జరిగే పనే అది.

పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో 2019లో కియా కార్లు తయారవడం మొదలైంది. అలాంటి చోట్లకు వెళ్లే మన పిల్లల్లో చాలామంది సేద్యం చేసే ఇళ్లనుంచి వచ్చినవాళ్లు. ఎండను బట్టి పని చేసిన ఇంటి నుంచి షిఫ్టు బెల్లు ప్రకారం పనిచేసే చోటికి రావడం మామూలు మార్పు కాదు. ఇక్కడున్న సూపర్‌వైజర్లు ఆ మాట గుర్తుపెట్టుకోవాలని నా కోరిక. మొదటి మూడు నెలలు ఆలస్యమైతే కారణం అడగండి. బస్సు దొరకలేదా, చేలో మోటారుకు కరెంటు రాత్రి పూట వస్తోందా, అడిగితేనే తెలుస్తుంది.

మా క్లర్క్ రిటైర్ అయిన రోజు సంగతి చెప్పి ముగిస్తాను. శాలువా, దండ, ఫొటో అన్నీ అయ్యాయి. ఏమైనా కావాలా అన్నా అని అడిగితే, పాత లెడ్జర్ ఒకసారి చూస్తానన్నాడు. రికార్డు రూములోంచి తెచ్చి ఇచ్చాం. గంటసేపు ఒక్కో పేజీ తిప్పుతూ కూర్చున్నాడు. పక్కన ఆ అమ్మాయి కూడా కూర్చుంది, అప్పటికి ఆమెకు ఆ పెన్సిల్ రాతలు చాలావరకు నోటికి వచ్చేశాయి. ఆయన వెళ్లిపోయాక కూడా దాదాపు ఏడాది పాటు మధ్యాహ్నం పూట ఆమె ఫోన్ చేసేది, కౌంటర్లోంచే, స్పీకర్ పెట్టి. "సార్, మారెన్న వచ్చినాడు, పాస్‌బుక్ పోగొట్టుకున్నాడంట. యా మారెన్న?" అని అడిగేది. అవతల నుంచి ఆయన, "చేతికి కడియం ఉందా చూడమ్మా" అనేవాడు.